డప్పు కొట్టి అడిగిన దానం

పోయిన నెల ఒక శిక్షణ కేంద్రం వాళ్ళు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు పాఠం చెప్పమని నన్ను పిలిచారు. పాఠం పేరు 'ప్రజల భాగస్వామ్యం'. వెళ్ళగానే శాలువా కప్పారు. నల్లగొండ ఎండల్లో మనిషికి శాలువా కప్పేది గౌరవంతోనో పగతోనో నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను పరిచయం చేసినాయన, తిరుమలగిరి దగ్గర ఒక ఊరి జనమంతా కూలి అడగకుండా కదిలివచ్చి ఒక్క రోజులో రోడ్డు వేసుకున్న కథ చెప్పి, "ఆ ఊరిని కదిలించిన గ్రామసేవక్ వీరే" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను లేచి, అదే కథను ఇంకొంచెం ఉప్పూకారం వేసి చెప్పాను.

ఇంటికి వచ్చాక నా భార్య శాలువా మడత పెడుతూ, "ఏం చెప్పినవు పిల్లలకు?" అని అడిగింది.

"రోడ్డు సంగతి."

"ఏ రోడ్డు? కుమ్మరి అవ్వ రోడ్డేనా?" అని నా మొహం చూసింది. "నిజం చెప్పినవా?"

నేను కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. చాలాసేపే కడుక్కున్నాను.

ఆ రోడ్డు నిజం. ఊరంతా వచ్చిన మాటా నిజమే. ఎందుకు వచ్చిందన్నదే అబద్ధం. ఆ అబద్ధం పుట్టినప్పుడు పక్కనే ఉన్నవాణ్ణి కాబట్టి దాన్ని సరిచేయాల్సిన బాధ్యత నాదే. దాన్ని అప్పుడే ఒకసారి సరిచేశాను కూడా. ఎట్లా సరిచేశానో చెబితే నవ్వుతారు. నవ్వండి.

అవి యాభైల చివరి రోజులు. మాది పాలమూరు వైపు, అమ్రాబాద్ అడవి అంచున చిన్న వ్యవసాయం. మెట్రిక్ గట్టెక్కగానే నాకు గ్రామసేవక్ ఉద్యోగం వచ్చింది. ఊళ్ళను బాగుచేయడానికి ప్రభుత్వం బ్లాకులు పెట్టింది. బ్లాకుకు ఒక బీడీఓ, ఆయనకు ఒక జీపు. నాకు ఒక సైకిలు, పది ఊళ్ళు. శిక్షణలో మాకు పేడగుంత ఎంత లోతు తవ్వాలో, వరి నాట్లు వరసగా ఎట్లా వేయాలో, చేతులు ఊపుతూ దేశభక్తి పాటలు ఎట్లా పాడాలో నేర్పారు. ఊరివాళ్ళు వినకపోతే ఏం చేయాలో మాత్రం నేర్పలేదు.

మొదటి ఏడాది పొగలేని పొయ్యిలు పెట్టించాను. ఆడవాళ్ళు మర్యాదస్తులు, నా ముందు కాదనలేదు. నేను సైకిలెక్కగానే పాత పొయ్యి ముట్టించుకునేవారు. కొత్త పొయ్యి గూటిలో కోళ్ళు పొదిగేవి. బ్లాకు మీటింగులో నా పొయ్యిల సంఖ్య చూసి బీడీఓ మెచ్చుకున్నాడు. కోళ్ళ సంఖ్య ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

కుమ్మరి అవ్వ నాకు పరిచయమైంది ఆ రోజుల్లోనే. కుమ్మరివాడలో బావి లేదు. నీళ్ళు కావాలంటే వాగులో ఇసుక తోడి చెలిమె తీసి, ఊరేదాకా కూర్చుని, దొప్పతో కడవ నింపుకోవాలి. తాగడానికే కాదు, మట్టి తొక్కడానికి కూడా ఆ నీళ్ళే. ఒక పొద్దున ఆమె రెండు కడవలు పెట్టుకుని వాగు ఒడ్డున నిలబడి ఉంది. నేను సైకిలు తోసుకుంటూ వెళ్తున్నాను.

"ఏమో అయ్యా, నిన్నేమంటరు?"

"గ్రామసేవక్."

"సేవకు అంటె?"

"సేవ చేసేవాణ్ణి అవ్వా."

"ఎవలికి?"

"మీకే."

"గట్లనా! మరి గింతసేపు చెప్పవేందిరా కొడుకా. గీ కడవ జర ఇంటిదాంక పట్టుకరా."

నేను కడవ ఎత్తుకున్నాను. సైకిలు ఆమె తోసుకొచ్చింది. వాడలో పిల్లా జెల్లా వెంటపడి చూశారు. అరుగు మీద కూర్చుని సారె మీది కుండకు అంచు తీరుస్తున్న ఆమె కొడుకు చేయి ఆపి నవ్వాడు. కడవ దించాక తడిసిన చొక్కా పిండుకుంటూ నేను గొప్పగా ఒక మాట అన్నాను. "అవ్వా, ఈ ఏడు బ్లాకు నుంచి మీ ఊరికి ఒక బావి వస్తుంది. అది మీ వాడకే వచ్చేట్టు చూస్తా."

"చూస్తవా, ఇప్పిస్తవా?"

"ఇప్పిస్తా."

ఆమె కోడలు గడపలోంచి తొంగిచూసింది. బక్కమనిషి, చేతికి మట్టి. "నిజంగనా సారు?" అంది. ఆమె మొహంలో వచ్చిన వెలుగు చూసి నేను, నిజంగనే అన్నాను.

ఇక రోడ్డు సంగతి. ఊరికీ పెద్దసడక్కూ మధ్య బండ్లబాట ఉండేది. వానాకాలంలో బండి ఇరుసుదాకా దిగేది. కుమ్మరివాడ ముందు మరీ అధ్వాన్నం. ఒకరోజు బీడీఓ నన్ను పిలిచి, హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి మన బ్లాకు చూడటానికి వస్తున్నాడు, ఆయన జీపు ఆ ఊళ్ళోకి వెళ్ళాలి, రోడ్డు శ్రమదానంతో పడాలి అన్నాడు. "ఊరు కదలాలి" అని రెండుసార్లు అన్నాడు. ఊరు కదలకపోతే నేను కదలాల్సి ఉంటుందని అర్థమైంది.

రచ్చబండ దగ్గర మీటింగు పెట్టాను. ఏడెనిమిది మంది వచ్చారు. చాయ్ ఉంటుందా అని అడిగి, ఉండదని తెలిశాక ముగ్గురు లేచిపోయారు. మిగిలినవాళ్ళకు నేను ఓపికగా చెప్పాను. "శ్రమ అంటే కష్టం. దానం అంటే ఊరికే ఇవ్వడం. మన కష్టం మనం దేశానికి ఊరికే ఇవ్వాలి."

ఒక ముసలాయన చుట్ట తీసి, "కష్టాలు మా తాన మస్తుగున్నయి సారు. ఎన్ని గావాల్నో పట్టుకపోండ్రి" అన్నాడు. మీటింగు అక్కడితో అయిపోయింది.

పెద్దమనిషి రాక రేపనగా, సాయంత్రం మస్కూరి దగ్గరికి వెళ్ళాను. మస్కూరి అంటే పోలీసు పటేలు కింద పనిచేసే ఊరి నౌకరు. డప్పు చాటింపు అతని పనే. నిజాం పాలనలో దొర ఉండే గడి నుంచి వచ్చిన హుకుములు చాటిన డప్పు అదే, ఇప్పుడు పంచాయతీ కబుర్లు చాటే డప్పూ అదే.

"రేపు శ్రమదానం అని చాటు. ఇంటికొకరు రావాలని చెప్పు."

"సెమ... ఏంది సారు?"

"శ్రమదానం."

"శెమదారం." అతను రెండు మూడు సార్లు తిప్పి చూశాడు. నోటికి అందలేదు. "అంటె ఏం పని సారు?"

"రోడ్డు పని. పార, తట్ట తెచ్చుకోవాలి. కూలి ఉండదు."

అతని మొహం విప్పారింది. "కూలి ఉండదా? గట్ల చెప్పరాదు మరి! నాకు ఎర్కే. మీరు ఫికర్ జెయ్యకుండ్రి, ఇడిశిపెట్టకుంట అందర్ని తోల్కొస్త."

మర్నాడు తెల్లవారేసరికి బండ్లబాట మీద నేను ఒక్కణ్ణే నిలబడ్డాను, మెడలో మూడు రంగుల కండువాతో. పొద్దు పొడిచింది. ఒక్కరూ రాలేదు. పని పోయిందనుకుని ఒక రాయి మీద కూర్చున్నాను. మస్కూరి పరుగెత్తుకొచ్చాడు.

"సారు, మీరు ఈడ ఏం జేస్తుండ్రు? జనమంత గడి కాడ కూసున్నరు!"

వెళ్ళి చూస్తే నిజమే. దొర హైదరాబాదుకు వెళ్ళిపోయి ఏళ్ళయింది, గడిలో గబ్బిలాలు తప్ప ఎవరూ లేరు. అయినా ఆ మూసిన దర్వాజా ముందు ఊరంతా కులాలవారీగా వరసలు కట్టి కూర్చుని ఉంది. పారలు, తట్టలు, గడ్డపారలు. నన్ను చూడగానే లేచారు. తలపాగాలు భుజాల మీదికి దిగాయి. చెప్పులు చేతుల్లోకి వెళ్ళాయి. అభివృద్ధి అంటే జనానికి ఇంత గౌరవముందా అని నా కళ్ళు చెమర్చాయి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, ఆ ఒక్క కారణం మీద ఆ కన్నీటిని మన్నించవచ్చు.

తర్వాత చేసినదాన్ని మన్నించలేం. మస్కూరిని పక్కకు పిలిచి, "ఏమని చాటావు?" అని అడిగాను. అతను మురిసిపోయి అక్కడే గొంతెత్తబోయాడు. మెల్లగా చెప్పమన్నాను.

"ఇంటికొక మనిషి, పార తట్ట పట్టుకోని, పొద్దు పొడువకముందే గడి కాడికి రావాలహో! కూలి లేదు, నాలి లేదహో! రానోని ఇంట్ల కుండ పలుగుతదహో!"

అది వెట్టి చాటింపు. దొర కాలంలో ఏ కులం మనిషైనా పైసా లేకుండా గడికి చేసిపెట్టే చాకిరీ వెట్టి. గడికి చుట్టం వస్తే కుమ్మరి కుండలివ్వాలి, నీళ్ళు మోయాలి. రాకపోతే దొర మనుషులు ఇంట్లోకి వచ్చి కుండలు పగలగొట్టేవారు. ఆ చాకిరీ పోవడానికి ఈ జిల్లాలో ఎంత నెత్తురు కారిందో నాకు తెలుసు. మా అడవి అంచు పల్లెల్లోనూ కారింది.

"శ్రమదానం అనలేదా?"

"గా మాట నోరు తిరుగలే సారు. గిదైతే అందరికి ఎర్కే గద."

అప్పుడు నేను ఆ జనం ముందు నిలబడి, ఇది వెట్టి కాదు, ఇష్టముంటే ఉండండి, లేకుంటే ఇంటికి వెళ్ళండి అని చెప్పి ఉండాల్సింది. చెబితే ఎంతమంది మిగులుతారో మీటింగులో చూశాను. మధ్యాహ్నానికి జీపు వస్తుంది. ఊరు కదలాలన్నారు, కదిలింది. ఎందుకు కదిలిందో అడిగేవాళ్ళెవరు? "పదండి" అన్నాను.

పని ఎట్లా సాగిందంటే, అంత క్రమశిక్షణ మా శిక్షణ కేంద్రంలో కూడా చూడలేదు. ఎవరూ మాట్లాడలేదు. ఎవరూ చాయ్ అడగలేదు. కొలత ఎవరూ చెప్పకుండానే ఏ కులం వాళ్ళు ఏ ముక్క తవ్వాలో పంచుకున్నారు. కుమ్మరోళ్ళ ముక్క వాళ్ళ వాడ ముందే పడింది.

కుమ్మరి అవ్వ తెల్లారకముందే చెలిమెకు వెళ్ళింది కాబట్టి ఆమెకు ఇదేదీ తెలియదు. కడవతో వచ్చి, కొడుకు తట్ట మోస్తుంటే చూసింది.

"ఏందిరా గిది?"

కొడుకు తల ఎత్తలేదు. "చాటింపైంది అవ్వా. వెట్టి."

ఆమె కడవ దించింది. నా దగ్గరికి నడిచి వచ్చింది. "ఏం సేవకూ, మళ్ల వెట్టి పెట్టిండ్రా?"

"కాదవ్వా, ఇది దానం. శ్రమదానం."

"దానమా? ఎవలికి?"

"ఊరికి. దేశానికి."

"దానం ఇచ్చేటోడు వానికి బుద్ధి పుడితె ఇస్తడు. డప్పు కొట్టి, కుండ పలగ్గొడుతమని అడిగేది దానమెట్లయితదిరా? మా దొర గూడ గిట్లనే అడుగుతుండె. ఆయన పాపం, దానమని పేరు పెట్టలే. గా మాత్రం సిగ్గున్నది ఆయనకు."

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. పోలీసు పటేలు కాస్త దూరం నుంచి, "ముసలిదానా, ఇంట్ల కుండలు పలుగుతయి, ఎర్కేనా?" అన్నాడు.

"పలగ్గొట్టుండ్రి పటేలా. కుమ్మరోల్లకు గిరాకే గద!"

ఈసారి దగ్గలేదు, అందరూ నవ్వారు. ఆమె కొడుకు చేతిలోంచి తట్ట లాక్కుని, మట్టి పారబోసి, బాట నడుమ బోర్లించి దాని మీద కూర్చుంది. కుమ్మరోళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు పారలు దించారు. మిగతా వరసలు కాసేపు ఆగి చూసి, పటేలు మీసం చూసి, మళ్ళీ తవ్వకంలో పడ్డాయి.

మధ్యాహ్నం జీపు వచ్చింది. రోడ్డంతా గుర్రంలా వచ్చి, కుమ్మరివాడ ముందు తవ్వని, తొలకరికి నానిన ముక్కలో దిగబడింది. హైదరాబాదు పెద్దమనిషి తెల్లబట్టలతో బురదలోకి దిగాడు. బీడీఓ మొహం చూస్తే నాకు మా అమ్రాబాద్ అడవిలో పులి గుర్తుకొచ్చింది.

"ఈ ముక్క ఎందుకు పూర్తి కాలేదు?"

అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "కుమ్మరోళ్ళు సహకరించలేదు సార్. ఒక ముసలామె చెడగొట్టింది. అభివృద్ధి నిరోధకురాలు సార్." ఆ పెద్ద మాట శిక్షణలో నేర్చుకున్నాను. దాన్ని వాడే అవకాశం కోసం అప్పటికి ఏడాదిన్నరగా ఎదురుచూస్తున్నాను.

"బావి వాళ్ళకే రాశావు కదూ? పనిచేసినవాళ్ళకు ఇవ్వు."

"సరే సార్."

"మిగతా ఊరిని ఎట్లా కదిలించావు?"

"చైతన్యం సార్."

పెద్దమనిషి బురద పాదాలతోనే ప్రసంగం చేశాడు. తర్వాత రోడ్డు ఊళ్ళోకి చేరే చోట, కుమ్మరివాడ మూల మీద, నల్లరాతి పలక నిలబెట్టారు. బావి పటేలు కొట్టం పక్కన పడింది. ఆ వీధిలో అప్పటికే రెండు బావులున్నాయి. మూడోదాంట్లో నీళ్ళు ఎక్కువగా బర్రెలే తాగాయి.

ఊరికి ఒక వివరణ కావాలి కదా. పటేలు ఇచ్చాడు, నేను కాదనలేదు. కుమ్మరివాడకు రావాల్సిన బావి ముసలిదాని నోటిదూలతో పోయింది. ఈ మాట వాడలో ఇంటింటికీ తిరిగింది. చెలిమె ఎండినప్పుడల్లా గట్టిగా వినిపించేది.

ఏడాది గడిచాక బీడీఓ మళ్ళీ పిలిచాడు. శిలాఫలకం మీద ఎవరో పిడకలు కొడుతున్నారట, ఆపించమన్నాడు. ఎవరో నాకు చెప్పక్కర్లేదు. ఆవంలో కుండలు కాల్చడానికి కుమ్మరోళ్ళకు పిడకలు కావాలి. నున్నటి పలక, రోజంతా ఎండ. పిడకకు అంతకంటే మంచి జాగా ఊళ్ళో లేదు.

వెళ్ళేసరికి అవ్వ రాతి ముందు కూర్చుని పేడ కలుపుతోంది. మనిషి చిక్కిపోయింది. "అవ్వా, దీని మీద కొట్టొద్దు. అక్షరాలున్నాయి."

"ఏమున్నయి? సదువు."

మూడు పిడకలు పీకి, గీకి చదివాను. "ఈ గ్రామ ప్రజలు స్వచ్ఛందంగా చేసిన శ్రమదానంతో..."

"సొచ్చందమంటె?"

"ఎవరూ చెప్పకుండా, తమంతట తామే చేసింది."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నన్ను నాలుగు తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. అంతలో కోడలు వాగు నుంచి వచ్చింది, నెత్తిన కడవ, చంకన బిందె. నన్ను చూసి ఆగింది, కానీ మాటలు మాత్రం అత్తకు తగిలేట్టు విసిరింది.

"చూడు సారు, మీరు బాయి ఇస్తనంటిరి. మా అత్తకు ఆనాడు నోరు ఆగకపాయె. మంది ముచ్చట్లు చెప్పుకోను ఆమె మాటలు, వాగు దాంక నడువను నేను. నా కాళ్లు గుంజితె గూడ గా నోరే యాదికొస్తది."

దొరను, పటేలును, నన్ను ఒక్కొక్క మాటతో కూర్చోబెట్టిన మనిషి. కోడలికి ఒక్క మాట చెప్పలేదు. తల వంచుకుని పేడ ముద్ద చేస్తూ ఉండిపోయింది. నాతో మాత్రం, మెల్లగా, "నిజంగ నా నోటితోటే పాయెనారా బాయి?" అంది.

ఏడాదిగా ఆమె కూడా దాన్ని నమ్ముతోంది. అది నేను ఊహించలేదు.

నేను చెప్పేశాను. చాటింపు వెట్టిదని తెలిసీ ఊరుకున్నానని, బీడీఓ అడిగితే నా పని కాపాడుకోవడానికి ఆమె మీదికి తోశానని, బావి పోయింది ఆమె నోటితో కాదు నా నోటితో అని. కోడలు కడవ దించలేదు. అట్లాగే నిలబడి విన్నది. ఆమె మొహం వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

అవ్వ చేతుల పేడ దులుపుకుంది. "గిది నా చెవుల చెప్తె నాకేం ఫాయిద? డప్పుతోటి అయింది, డప్పుతోటే చెప్పు."

మస్కూరి మొదట ఒప్పుకోలేదు. "గిదేం చాటింపు సారు? హుకుం ఏది? ఎవలు రావాలె, ఏం తేవాలె? హుకుం లేకుంటె డప్పెట్ల కొడుత?"

"ఉన్నది చెప్పు. అంతే."

"సర్కారు నౌకరు తప్పు చేసిండని సర్కారు డప్పు మీద చాటుమంటరా?" అన్నాడు. ఒక ముంత కల్లు దగ్గర అతనికి ఆ పనిలో రుచి తెలిసింది.

పొద్దుగూకే వేళ కుమ్మరివాడ మూల నుంచి పటేలు ఇంటిదాకా డప్పు మోగింది. వెనక నేను నడిచాను, సైకిలు కూడా లేకుండా. "ఇనుండ్రహో! కుమ్మరోల్ల బాయి అవ్వ నోటితోటి పోలేదహో! గ్రామసేవక్ సారు అబద్ధమాడిండహో! బాయి సారు నోటితోటి పాయెనహో!" జనం బయటికి వచ్చారు. కొందరు చక్కెర ఇస్తున్నారేమోనని డబ్బాలు తెచ్చారు. "మళ్ల చెప్పుమను" అని పిల్లలు అడిగితే మస్కూరి మళ్ళీ చెప్పాడు. పటేలు తలుపు వేసుకున్నాడు. తిరిగి వాడలోకి వచ్చేసరికి మస్కూరి ఊపు మీదున్నాడు, అలవాటుకొద్దీ చివర ఇంకో ముక్క కలిపేశాడు: "ఇననోని ఇంట్ల కుండ పలుగుతదహో!"

నవ్వులతో వాడ ఊగిపోయింది. అరుగు మీద కూర్చున్న అవ్వ వైపు అందరూ తిరిగారు. ఆమె ఏమంటుందో అందరికీ తెలుసు, అయినా ఆమె నోటితో వినాలని. ఆమె మాత్రం కోడలి వైపు చూస్తోంది.

కోడలు కొంగుతో చేయి తుడుచుకుంటూ గడపలోంచి వచ్చింది. "పలగనియ్యి," అంది, "గిరాకే గద." ఆ మాట అత్తదని అందరికీ తెలుసు.

నా ఉద్యోగం పోలేదు. బీడీఓకు ఈ కబురు చేరిందో లేదో, చేరినా నమ్మలేదో. బావి సంగతి నేను అడిగితే మాత్రం, మార్చడం తన వల్ల కూడా కాదన్నాడు. తవ్విన బావిని మోసుకెళ్ళలేం కదా అన్నాడు, ఆ ఒక్క విషయంలో ఆయన మాట సబబే. కుమ్మరివాడకు బావి ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు, నేను వేరే తాలూకాకు బదిలీ అయ్యాక పడింది. అందులో నా చేయి లేదు. రాతి పలక ఇంకా అక్కడే ఉంది. శిక్షణ కేంద్రం పిల్లలు దాన్ని చూడటానికి వెళ్తామన్నారు. వెళ్ళండి. పిడకలు పీకకుండా చూసి రండి.

ఆ సాయంత్రం నేను వెళ్ళిపోబోతుంటే కోడలు లోపలి నుంచి పిలిచింది. నన్ను కాదు.

"అత్తా, లే. రొట్టె సల్లారుతాంది."

అవ్వ లేచి, కాళ్ళకు అంటిన దుమ్ము దులుపుకుని, నా వైపు తిరగకుండానే లోపలికి వెళ్ళింది.